హన్మకొండ స్పోకెన్ ఇంగ్లిష్ బ్యాచ్: సారు సూపర్, మిగతాది సోసో

నక్కలగుట్ట దిక్కు ఒక సెంటర్ల సాయంత్రం బ్యాచ్‌కు పోతున్న, కొన్ని తిట్లు కూడా ఉన్నయి కాబట్టి పేరు రాస్తలేను. గ్రామర్ క్లాసులు అన్ని చోట్ల ఉన్నట్టే, కానీ సారు ఒక్కో మాటను పట్టుకొని విడమర్చి చెప్తడు చూడు, అది మస్తుంటది. మొన్న లక్ మీద చెప్పిండు. మనం అన్నిటికీ నసీబు బాగుంది, సుడి ఉంది అని నడిపిస్తం గానీ ఇంగ్లిష్‌ల గట్ల కుదరదు.

మా బ్యాచ్ పిల్లగాడొకడు మాక్ ఇంటర్వ్యూల స్టైల్ కొట్టుకుంట 'మై సెలక్షన్ వాజ్ ఎ ఫ్లూక్' అన్నడు, సారు అక్కడ్నే ఆపిండు. ఫ్లూక్ బిలియర్డ్స్ టేబుల్ కాడ పుట్టిన మాట, గురి లేకుంట కొట్టిన దెబ్బ తగిలిందనుడు అన్నట్టు, అంటే నాకు ఏం రాదు ఎట్లనో అయిపోయింది అని హెచ్‌ఆర్‌కు మనమే చెప్పుకుంటున్నం, ఇంకేం ఉద్యోగం. ఐ వాజ్ ఫార్చునేట్ అను బిడ్డా, ఐ గాట్ లక్కీ అనేది దోస్తుల కాడ పెట్టుకో అన్నడు.

విండ్‌ఫాల్ అంటే గాలికి రాలిన పండ్లు, అనుకోకుంట వచ్చిన పైసలకే ఎక్కువ వాడతరు, 2022ల కేంద్రం క్రూడాయిల్ మీద వేసిన విండ్‌ఫాల్ ట్యాక్స్ గుర్తుందా, గదే. గాడ్‌సెండ్ అయితే సరిగ్గ కష్టంల ఉన్నప్పుడు దొరికిన సాయం. సెరెండిపిటీని 1754ల హోరేస్ వాల్‌పోల్ అనే ఇంగ్లిషాయన ఒక ఉత్తరంల పుట్టించిండు, సెరెండిప్ అంటే శ్రీలంక పాత పేరు. ఒకటి దేవులాడుతుంటే ఇంకో మంచిది దొరకాలె, ఊకె ఆఫర్ల చెప్పులు దొరికితే ఇన్‌స్టాల సెరెండిపిటీ అని పెట్టుడు కాదు (మా చెల్లె చదువుతుంటే చదవనీ). ఫార్చుయిటస్‌తోని జర పైలం, దానికి అసలు అర్థం అనుకోకుంట జరిగింది అని, మంచే అని కాదు.

ఇగ తిట్లు. రూముకు మించి జనాన్ని కుక్కిండ్రు, ఫ్యాన్ చప్పుడుకు ఎనక బెంచీలకు సగం వినపడదు, జిరాక్స్ నోట్స్‌ల అక్షరాలు అలికినట్టున్నయి. అన్నిటికంటె పెద్ద లోటు, మాట్లాడే చాన్స్ తక్కువ, స్పోకెన్ అని పైసలు తీసుకొని వినిపిస్తే ఎట్ల?

ఫీజు మొత్తం ఒక్కసారే కట్టుమంటరు, మీరు మాత్రం సగమే కడతా అని గట్టిగ కూసోండ్రి, ఒప్పుకుంటరు. డెమోకు పోతే మాత్రం ఈ సారే చెప్తడా వేరేటోళ్ళా అని ముందుగాల్నే అడగండ్రి.