ఉప్పుగాలి ఊళ్ళలో ట్రయథ్లాన్ సైకిలు, బూట్లు: ఏళ్ళ తరబడి వాడాక

ట్రయథ్లాన్ (ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటిగా చేసే పోటీ) చేసేవాళ్ళను ఏ ఊళ్ళో అడిగినా సైకిళ్ళలో ట్రెక్, జయంట్, స్పెషలైజ్డ్, సెర్వేలో పేర్లే వినిపిస్తాయి. పరుగు బూట్లలో ఆసిక్స్, హోకా, నైకీ, సాకనీ. వీటిలో ఏది గొప్పదన్న చర్చ ఎంతకీ తెగదు. ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ వంటి చోట్ల ఉండే మనకు అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న, ఈ సముద్రపు గాలికి ఏది నిలుస్తుంది, పాడైతే ఏది మన ఊళ్ళోనే బాగవుతుంది అన్నది.

నేను తొక్కేది అల్యూమినియం ఫ్రేముతో, షిమానో క్లారిస్ గేర్లతో వచ్చిన జయంట్ కంటెండ్. 1972లో తైవాన్‌లో మొదలైన జయంట్ ఇతర పేరున్న కంపెనీలకు కూడా సైకిళ్ళు తయారుచేసి ఇచ్చిన సంస్థ కాబట్టి, ఫ్రేము పనితనం గురించి నాకు బెంగ లేదు. క్లారిస్‌లో వెనుక చక్రానికి 8 గేర్లు. షిమానోలోనే దాని పై మెట్లైన సోరాలో 9, టియాగ్రాలో 10, ఇప్పటి 105లో 12. మెట్టు ఎక్కినకొద్దీ చైను సన్నబడుతుంది, ధర పెరుగుతుంది. మన దగ్గర మాత్రం కింది మెట్టే మేలు, ఎందుకంటే మామూలు గేరు సైకిళ్ళకు వేసే 8 గేర్ల చైనే దీనికీ సరిపోతుంది, అది బజారులో దొరుకుతుంది. 12 గేర్ల చైను కావాలంటే సుమారు 170 కి.మీ. దూరంలోని భువనేశ్వర్‌కు వెళ్ళాలి, లేదా పార్సిల్ వచ్చేదాకా సైకిలును గోడకు ఆనించి ఉంచాలి. ఉప్పుకు కంపెనీల తేడా తెలియదు. గోపాల్‌పూర్ తీరం వెంట తొక్కి వచ్చాక మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె వేయకపోతే ఏ చైనైనా మర్నాటికే ఎర్రబడుతుంది. అల్యూమినియం ఫ్రేముకు తుప్పు భయం లేకపోయినా ఉక్కు బోల్టులు బిగుసుకుపోతాయి కనుక, సీటు గొట్టానికి, బోల్టులకు వానాకాలానికి ముందే గ్రీజు పెట్టించడం అవసరం.

డబ్బు దాచుకోకూడనిది టైర్ల దగ్గర. ఇచ్ఛాపురం వైపు జాతీయ రహదారి 16 మీద తారు నున్నగానే ఉంటుంది గానీ, మనం తొక్కే అంచున గాజు పెంకులు, పగిలిన లారీ టైర్ల నుంచి రాలిన సన్నని ఉక్కు తీగలు పేరుకుంటాయి; ఆ తీగ కంటికి కనబడదు, ట్యూబులో మాత్రం దిగుతుంది. సాధనకు కాంటినెంటల్ గేటర్‌స్కిన్ 28 మి.మీ. టైర్లు వేసుకున్నప్పటి నుంచి పంక్చర్ల బెడద బాగా తగ్గింది. 2018లో వచ్చిన అదే కంపెనీ జీపీ 5000 ఇంకా తేలికగా దొర్లుతుంది. దిగపహండి దాటి తప్తపాణి ఘాట్ ఎక్కేటప్పుడు ఆ తేడా కాళ్ళకు తెలుస్తుంది. అయినా దాన్ని పోటీ రోజులకే ఉంచుతాను. ఏరో బార్ల (ముందుకు వంగి మోచేతులు ఆనించుకోవడానికి హ్యాండిలుకు బిగించే కడ్డీల) సంగతి క్లుప్తంగా చెబుతాను: లారీల మధ్య బ్రేకులకు చెయ్యి అందని భంగిమలో తొక్కడం నాకు సమ్మతం కాదు.

బూట్ల విషయంలో చూడవలసింది సైకిలు దిగిన వెంటనే మొదలయ్యే పరుగు. పిక్కలు అప్పటికే అలసి ఉంటాయి, ఇక్కడి ఉక్కకు నెత్తిన పోసుకున్న నీళ్ళన్నీ బూట్లలోకే దిగుతాయి. 2009లో ఫ్రాన్స్‌లో పుట్టిన హోకా మందపాటి సోల్‌తో పేరు తెచ్చుకుంది. వాళ్ళ క్లిఫ్టన్ అలసిన కాళ్ళకు హాయిగా ఉంటుంది, దూర పరుగులకు నా మొదటి ఎంపిక అదే. ఆసిక్స్ నింబస్ కాస్త బరువే అయినా రోజువారీ సాధనకు నమ్మదగినది. కార్బన్ పలక ఉన్న నైకీ వేపర్‌ఫ్లై తేలిక, పైగుడ్డ పలచన, నీరు త్వరగా కారిపోతుంది; అయితే నావంటి మధ్యరకం వేగం వాళ్ళకు ఆ ధర గిట్టుబాటయ్యేది కాదు. మరో పేరున్న కంపెనీ జతకు మాత్రం వానాకాలపు తేమకు సోల్ జిగురు ఊడింది. బరంపురంలో చెప్పులు కుట్టే ఆయన వేసిన కుట్టు ఇంతవరకూ ఊడలేదు, అది వేరే సంగతి.

ఏ బూటు కొన్నా దానికి సాగే లేసులు వేయించుకోవాలి. కట్టుకునే పని తప్పుతుంది కాబట్టి తడి పాదాలతో కూడా క్షణాల్లో తొడుక్కోవచ్చు, పైగా ఈ మొత్తం సరంజామాలో అన్నిటికన్నా చవకైనవి అవే. 2019లో గోవాలో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 వంటి పోటీకి, అంటే 1.9 కి.మీ. ఈత, 90 కి.మీ. సైకిలు, 21.1 కి.మీ. పరుగుకు వెళ్ళాలనుకునేవాళ్ళు ఈ సైకిలుతోనే నిశ్చింతగా వెళ్ళవచ్చు. టైర్లు మార్చుకుంటే చాలు.