సింగపూర్ నుంచి న్యూయార్క్: నాన్‌స్టాపా, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానా? ఏది మేలు?

సింగపూర్ చాంగీ ఎయిర్‌పోర్ట్ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్ట్‌కి భూగోళం మీద దగ్గరి దారి కొలిస్తే దాదాపు 15,350 కిలోమీటర్లు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగి వెళ్తే రెండు ముక్కలూ కలిపి 16,500 దాకా వస్తుంది. తేడా పదకొండొందల చిల్లరే, విమానం గంటకి 900 చొప్పున పోతుంది కాబట్టి గంటంపావులో తేలిపోవాలి కదా. కానీ టికెట్ మీద చూడండి, నాన్‌స్టాప్‌కి 18 గంటల 40 నిమిషాలు అటూఇటూ, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 23 గంటల పైనే. మధ్యలో ఆగే రెండు గంటలు తీసేసినా లెక్క కుదరదు.

కారణం గాలి. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ జోరుగా వీస్తుంటుంది, నాన్‌స్టాప్ విమానం చాలాసార్లు దగ్గరి దారి వదిలేసి పసిఫిక్ మీదుగా తూర్పుకి పోతుంది, దూరం పెరిగినా గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి టైమ్ కలిసొస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్ దారిలో రెండు ముక్కలూ పడమటికే, రెండుసార్లూ ఎదురుగాలే. అందుకే కిలోమీటర్లు చూసి టికెట్ కొనొద్దని నేను గట్టిగా చెప్తాను.

తిరుగు ప్రయాణంలో కథ మారిపోతుంది. న్యూయార్క్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే గాలి మనవైపే, మొత్తం 22 గంటల చిల్లర, నాన్‌స్టాప్‌కేమో దగ్గర దగ్గర 19. మిగిలేది మూడు, మూడున్నర గంటలే.

డబ్బు సంగతి కూడా ఉంది. ఈ నాన్‌స్టాప్ నడిపే ఎయిర్‌బస్ ఏ350-900 యూఎల్‌ఆర్‌లో (మరీ దూరాల కోసం చేసిన రకం) ఎకానమీ అసలు లేదు, ఉన్న 161 సీట్లూ బిజినెస్, ప్రీమియం ఎకానమీలే. అంత దూరానికి 1,65,000 లీటర్ల దాకా ఇంధనం పట్టే ట్యాంకులు కావాలి, ఆ బరువు మోయడానికే మళ్ళీ ఇంధనం కాలుతుంది, అందుకని మనుషుల్ని తక్కువ ఎక్కిస్తారు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు 2004లో నాలుగింజన్ల ఏ340-500తో న్యూయార్క్ పక్కనే ఉన్న నెవార్క్‌కి మొదలుపెట్టి 2013లో ఆపేశారు, ఇంధనం ఖర్చు తట్టుకోలేక. రెండింజన్ల విమానం వచ్చాకే 2018లో మళ్ళీ మొదలైంది.

నన్నడిగితే వెళ్ళేటప్పుడు నాన్‌స్టాప్, వచ్చేటప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్. వెళ్ళేటప్పుడు దాదాపు ఐదు గంటలు ఆదా, అవి నిజంగా విలువైన గంటలు, ఎందుకంటే రెండు ఊళ్ళకీ 12 గంటలు, చలికాలంలో 13 గంటలు తేడా, రాత్రీ పగలూ పూర్తిగా తారుమారు, దిగగానే కాస్త పడుకోడానికి టైమ్ దొరకాలి. వచ్చేటప్పుడు ఆ మూడు గంటల కోసం అంత ఎక్కువ పెట్టాలా అనిపిస్తుంది.

పెద్దవాళ్ళతో వెళ్తుంటే మాత్రం డబ్బు, టైమ్ కంటే ముందు కాళ్ళ గురించి ఆలోచించండి. నాలుగు గంటలకి మించి కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ళకి అది చాలా అరుదే, కానీ ఇంతకుముందు గడ్డకట్టినవాళ్ళు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా బుక్ చేయొద్దు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి కాసేపు నడిచి ఎక్కడం వాళ్ళ ఒంటికి మంచిదే. ఏ దారైనా గంటకోసారి లేచి నడవాలి, మంచినీళ్ళు తాగుతూ ఉండాలి.