వాటర్ రాకెట్ కిట్: లాంచర్ ఉంచుకోండి, రాకెట్ మాత్రం మీరే చేసుకోండి

వాటర్ రాకెట్ అంటే కొన్ని నీళ్లు పోసి తలకిందులుగా నిలబెట్టిన ప్లాస్టిక్ సీసా. పంపుతో గాలి కొట్టి వదిలితే, ఆ గాలి నీళ్లని కిందికి తోస్తుంది, సీసా పైకి లేస్తుంది. బడి ఫిజిక్స్ ప్రాజెక్టుల కోసం అమ్మే ఈ బాటిల్ రాకెట్ కిట్లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకంలో సీసా మూతిలో రబ్బరు బిరడా దిగ్గొట్టి గాలి కొడుతూ పోవాలి, అది ఎప్పుడు ఊడితే అప్పుడు రాకెట్ లేస్తుంది. రెండో రకంలో సీసా మెడ చుట్టూ ఉండే అంచుని ప్లాస్టిక్ కొక్కేలు పట్టుకుంటాయి, తాడు లాగితేనే వదులుతాయి. ఇక్కడ చూస్తున్నది రెండో రకం. ఖరీదు ఎక్కువే, కానీ ప్రాజెక్టుకి పనికొచ్చేది ఇదే. బిరడా ఒకసారి 25 పీఎస్ఐ (పంపు మీటరు చూపే గాలి పీడనం కొలత) దగ్గర ఊడితే ఇంకోసారి 40 దాకా ఊడదు. తడిగా ఉందా, ఎంత గట్టిగా నొక్కారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. పీడనం మన చేతిలో లేకపోతే, నీళ్ల కొలత మార్చినందుకు ఎత్తు ఎంత మారిందో చెప్పలేం, గ్రాఫు గీసినా దానికి అర్థం ఉండదు.

లాంచర్, అంటే సీసాని పట్టుకుని వదిలే స్టాండు, పనితనం బాగుంది. 2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసా సరిగ్గా కూర్చుంటుంది, కొక్కేలు నాలుగూ ఒకేసారి విడుస్తాయి. మెడ లోపలికి దూరే గొట్టం మీద ఓ-రింగ్ (నీళ్లు, గాలి కారకుండా ఆపే రబ్బరు వలయం) ఉంది. దాన్ని పొడిగా తోస్తే అంచు తెగి నీళ్లు కారడం మొదలవుతుంది. రెండు చుక్కల సబ్బునీళ్లు రాసి, కొంచెం తిప్పుతూ ఎక్కించాలి. గాలి కొట్టేటప్పుడు సీసాలో బుడగలు పైకి పోవడం మామూలే. మెడ కింద చుక్కలు రాలుతుంటే మాత్రం ఓ-రింగ్ చూసుకోవాలి.

పెద్ద లోపం గాలి వాల్వ్ ఉన్న చోటు. దాన్ని స్టాండు అడుగునే పెట్టారు. ఒక్కోసారి కొక్కెం ఇరుక్కుని, తాడు లాగినా రాకెట్ కదలదు. అప్పుడు గాలి తీయాలంటే నిండా గాలి ఉన్న సీసా దగ్గరికి వెళ్లి వాల్వ్ పిన్ను నొక్కాలి. ఇది అస్సలు చేయకూడని పని. స్టాండుకీ వాల్వ్‌కీ మధ్య 5 మీటర్ల గట్టి గాలి గొట్టం వేసి, వాల్వ్‌ని పంపు వైపుకి మార్చండి. అప్పుడు దూరం నుంచే గాలి వదిలేయొచ్చు. ఇచ్చిన తాడు కూడా పొట్టి. పైగా దాన్ని పైనుంచి ఏటవాలుగా లాగితే తేలికైన స్టాండు సరిగ్గా విడిచే క్షణంలోనే ఒరిగిపోతుంది. కాళ్లకు మేకులు దిగ్గొట్టి, తాడుని నేలకి ఆనించి ఒక మేకు కన్నంలోంచి లాగితే ఆ తంటా ఉండదు.

ఇక రాకెట్ భాగాలు. ఫోమ్ రెక్కలు మూడు, వెనక స్టిక్కరు జిగురు. తడి తగలగానే లేచిపోతాయి. ఇంకా ఘోరం ఏమిటంటే, అవి మెడ కన్నా కిందికి దిగి కొక్కేల చట్రానికి తగులుకుంటాయి. డొల్ల ప్లాస్టిక్ ముక్కులో బరువే లేదు. వీటిని పక్కన పడేసి, గాడుల ప్లాస్టిక్ షీటుతో నాలుగు రెక్కలు కోసి, డబుల్ టేపుతో అతికించి పైన బట్ట టేపు చుట్టండి. గ్లూ గన్ వద్దు, వేడికి సీసా గోడ మెత్తబడి ముడుచుకుంటుంది, తర్వాత పగిలేది అక్కడే. ముక్కులో 40 గ్రాముల బంకమట్టి పెట్టి, ఖాళీ సీసాని వేలి మీద అడ్డంగా నిలబెట్టి బరువు కేంద్రం గుర్తించండి. అక్కడ దారం కట్టి తల చుట్టూ గిరగిరా తిప్పితే ముక్కు ముందుకి సాగాలి. తోక ముందుకొస్తే ఇంకొంచెం మట్టి కలపాలి లేదా రెక్కలు పెద్దవి చేయాలి. ఈ పరీక్షకి పట్టేది రెండు నిమిషాలు. ఇది మానేసిన రాకెట్లే గాల్లో పిల్లిమొగ్గలు వేస్తాయి.

కిట్‌తో ఇచ్చిన సూచనల కాగితంలో "సగం వరకు నీళ్లు పోయండి" అని రాశారు. అది తప్పు. నీళ్లు పెరిగేకొద్దీ తోసే గాలికి చోటు తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. దాదాపు మూడో వంతుతో, అంటే 2 లీటర్ల సీసాకి 600 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, 200 నుంచి 1000 దాకా మార్చి చూడండి. పీడనం ప్రతిసారీ 45 పీఎస్ఐ ఉండాలి, ఒక్కో కొలతకి మూడేసి ప్రయోగాలు. పంపు మీటరు ముల్లు ప్రతి దెబ్బకీ ఎగిరి వెనక్కి వస్తుంది, అది నిలిచాకే అంకె రాసుకోవాలి. ఈ పీడనంలో నీళ్లు సెకనుకి సుమారు 25 మీటర్ల వేగంతో బయటికి దూకుతాయి. 600 మిల్లీలీటర్లు సెకనులో పదో వంతు లోపే ఖాళీ! మామూలు వీడియోలో అది రెండు మూడు ఫ్రేములే, కాబట్టి ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టాలి.

ఎత్తు కొలిచే పరికరం కిట్‌లో లేదు. కోణమాపకానికి దారం, బోల్టు కట్టి 30 మీటర్ల దూరంలో నిలబడితే చాలు. కోణం 50 డిగ్రీలు వస్తే 30ని 1.19తో (అది tan 50°) గుణించి కంటి ఎత్తు కలపాలి, దాదాపు 37 మీటర్లు. గాలి వీస్తుంటే రాకెట్ గాలికి ఎదురు తిరుగుతుంది, అందుకని రెండు వైపుల నుంచి ఇద్దరు చూసి సగటు తీయడం మేలు.

సీసా విషయంలో రాజీ వద్దు. గ్యాసు డ్రింకు సీసాయే కావాలి, మంచినీళ్ల సీసా పల్చన. కొత్త సీసాని ముందు అంచుదాకా నీళ్లతో నింపి 70 పీఎస్ఐ వరకు కొట్టి చూడండి. లోపల గాలి లేదు కాబట్టి పగిలినా నీళ్లు చిమ్ముతాయి తప్ప ముక్కలు ఎగరవు. మడత, గీత, తెల్లటి మచ్చ కనబడితే పారేయాల్సిందే. ప్రయోగాల లెక్క సీసా మీదే మార్కరుతో గీయండి, పది దాటితే మార్చేయండి.

విడి ఓ-రింగ్ ఒక్కటి కూడా ఇవ్వలేదు. అదే కొలతవి రెండు ముందే తెచ్చి పెట్టుకోండి.