ఆర్‌ఎస్‌ఐయా, ఎస్‌ఎస్‌పీయా?

అమెరికాలో పదకొండో తరగతి చదివే పిల్లలున్న తెలుగు ఇళ్లలో శీతాకాలం రాగానే ఈ ప్రశ్న తలెత్తుతుంది: వేసవిలో హైస్కూల్ విద్యార్థులతో పరిశోధన చేయించే ఈ రెండు కార్యక్రమాల్లో దేన్ని ఎంచుకోవాలి?

ఖర్చు: 1984లో మొదలైన రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ (ఆర్‌ఎస్‌ఐ)లో బోధన, వసతి, భోజనం ఉచితం. 1959 నుంచి నడుస్తున్న సమ్మర్ సైన్స్ ప్రోగ్రామ్ (ఎస్‌ఎస్‌పీ)కు రుసుముంది గానీ, కుటుంబ ఆర్థిక స్థితిని బట్టి తగ్గిస్తారు.

పని: మొదటిదానిలో విద్యార్థి ఒక మార్గదర్శి వద్ద సొంత సమస్యపై పనిచేసి, చివర పరిశోధన పత్రం రాసి, సభ ముందు వివరించాలి. రెండోదానిలో, ఖగోళ భౌతిక విభాగాన్నే తీసుకుంటే, ముగ్గురేసి జట్టుగా రాత్రిళ్లు దుర్భిణి వద్ద కూర్చుని, భూమికి చేరువగా తిరిగే గ్రహశకలాన్ని ఫొటోలు తీసి, నక్షత్రాల మధ్య దాని స్థానాన్ని కొలిచి, తామే రాసిన ప్రోగ్రామ్‌తో కక్ష్యను లెక్కగడతారు. మబ్బు పట్టిందా, ఆ రాత్రి పోయినట్టే.

రిస్కు: రెండింటిలోనూ పోటీ తీవ్రమే. మొదటిదానిలో సీట్లు వంద లోపో, ఆ చుట్టుపక్కలో ఉంటాయి కనుక, మంచి మార్కులున్నా నిరాశ తప్పకపోవచ్చు.

ఇప్పటికే ఒక ప్రశ్న వెంట నెలల తరబడి తిరిగిన విద్యార్థికి ఆర్‌ఎస్‌ఐ నప్పుతుంది. గణితం గట్టిగా వచ్చి, పరిశోధన అనుభవం లేనివారికి, నలుగురితో కలిసి పనిచేయడం ఇష్టమైనవారికి నేనైతే ఎస్‌ఎస్‌పీనే సూచిస్తాను. రెండింటికీ దరఖాస్తు చేసుకోవచ్చు. ఒకే వ్యాసాన్ని రెండు చోట్లా అతికించకుండా ఉంటే చాలు.