అంగారకుడి పేరుతో 13,400 రూపాయలు

శంకర్‌పల్లి దాటాక కొండల వైపు వెళ్లే రోడ్డులో "మార్స్ నైట్" అని బోర్డు పెట్టుకున్న రిసార్ట్ ఒకటుంది. పేరు రాయను. 2025 మే నెలలో ఒక శనివారం మా నాన్న, మా ఆవిడ, తొమ్మిదో క్లాసు చదివే మేనల్లుడు, నేను హైదరాబాద్ నుంచి బయల్దేరి వెళ్లి అక్కడ 13,400 వదిలించుకొచ్చాం. గుడారం లాంటి గుండ్రటి గది, దాని పేరు "మార్స్ పాడ్", 7,500. అదనపు మంచానికి 1,200. నక్షత్రాలు చూపించడానికి మనిషికి 600, "వ్యోమగామి భోజనం" మనిషికి 500. మావాడు నడుముకి తాడు కట్టించుకుని ఎగిరినందుకు ఇంకో 300.

దారి బాగుంది, ట్రాఫిక్ లేదు. గదిలోకి వెళ్లాక మొదలైంది. ఏసీ తిరుగుతోంది కానీ చల్లగాలి రావడం లేదు. కిటికీ తీద్దామంటే కిటికీయే లేదు. రిసెప్షన్ కుర్రాడు నవ్వుతూ, "మార్స్‌లో కిటికీలు ఉండవు కదా సార్" అన్నాడు. అక్కడ సగటు ఉష్ణోగ్రత మైనస్ 60 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, మాకు అందులో సగం చలి ఇచ్చినా చాలు, అన్నాను. వాడికి ఎక్కలేదు. మా ఆవిడ అప్పటికే మాట్లాడటం మానేసింది. భోజనం సంగతి ఒక్క ముక్కలో: వేడినీళ్లు పోసి పది నిమిషాలు మూతపెట్టిన పులావు, పక్కన ఆవకాయ కూడా లేదు.

ఒక్కటి మాత్రం నచ్చింది. గేటు దగ్గర ఒక బరువు తూచే మెషిన్ పెట్టారు, అంగారకుడి మీద మన బరువెంతో చూపిస్తుంది. అక్కడి ఆకర్షణ శక్తి మనదాంట్లో 38 శాతమే. 62 కిలోల నాన్న 23.6 తూగారు. మా ఆవిడ అంకె ఇక్కడ రాస్తే ఇంట్లో గొడవ, కానీ ఆ రోజు ఆమె నవ్వింది అక్కడొక్కచోటే. దీనికి డబ్బులు తీసుకోలేదు.

అసలు మోసం రాత్రి తొమ్మిదికి జరిగింది. పచ్చిక మీద కుర్చీలేసి, ఒక టెలిస్కోప్‌ని ఆగ్నేయం వైపు తిప్పి, "అదిగో, ఎర్రటి గ్రహం" అన్నాడు గైడు. వరసలో నిల్చున్న పిల్లలంతా "వావ్" అన్నారు. నా వంతు వచ్చినప్పుడు చూశాను. ఎర్రటి చుక్క ఒకటి మిణుకు మిణుకుమంటూ కదిలిపోతోంది, గ్రహంలాగా గుండ్రటి బిళ్లగా అస్సలు లేదు. నా వెనక నాన్న కంటితోనే ఆకాశం చూసి, "బాబూ, అది కుజుడు కాదు. వృశ్చికంలో జ్యేష్ఠా నక్షత్రం. కుజుడు ఇప్పుడు కర్కాటకంలో నీచలో ఉన్నాడు, పడమటి దిక్కున ఉంటాడు" అన్నారు. పంచాంగం రోజూ చూసే మనిషి. మేమంతా పడమరకి తిరిగాం. అటు రిసార్ట్ వాళ్ల ఫంక్షన్ హాలు, పెళ్లి డీజే, ఫ్లడ్‌లైట్లు. వాటన్నిటి పైన మిణుకుమనకుండా నిలకడగా ఉన్నాడు అసలు అంగారకుడు. ఆ వెలుతురులోకి టెలిస్కోప్ తిప్పడం ఇష్టం లేక ఇటువైపున్న ఎర్రదాన్ని చూపించేశారన్నమాట. ఆ నెలలో రెండింటి కాంతీ దాదాపు సమానం, రంగూ ఒకటే, కాబట్టి ఎవరూ అడగరనుకున్నారు. నిజానికి జ్యేష్ఠని సూర్యుడి స్థానంలో పెడితే అంగారకుడి కక్ష్యని కూడా మింగేస్తుంది. సైజు ప్రకారం చూస్తే మాకు గిట్టుబాటే!

మేనేజర్ దగ్గరికి వెళ్తే, "ఎర్రగా కనిపించింది కదా సార్" అన్నాడు. నక్షత్రాల షో డబ్బు 2,400 వెనక్కి ఇమ్మన్నాను. గంట వాదన తర్వాత చేతిలో పెట్టింది 20 శాతం తగ్గింపు కూపన్, డిసెంబర్ 31 దాకా చెల్లుతుందట. అంగారకుడు మనకు దగ్గరగా వచ్చేది సుమారు 26 నెలలకోసారి. 2025 జనవరిలో 9.6 కోట్ల కిలోమీటర్ల దాకా వచ్చి వెళ్లాడు, మేం వెళ్లేసరికి దూరం రెట్టింపు దాటింది. మళ్లీ దగ్గరికొచ్చేది 2027 ఫిబ్రవరిలో. సింహరాశిలో, మఖ నక్షత్రం పక్కన, సూర్యుడు అస్తమించేసరికి తూర్పున లేస్తాడు. డాబా ఎక్కితే సరిపోతుంది, ఎవరికీ 600 ఇవ్వక్కర్లేదు.

తిరుగు ప్రయాణంలో మావాడు, "మామయ్యా, నిజంగానే వెళ్లాలంటే?" అని మొదలుపెట్టాడు. మంగళ్‌యాన్ 2013 నవంబర్ 5న శ్రీహరికోటలో బయల్దేరి 2014 సెప్టెంబర్ 24కి చేరింది. నాసా పర్సెవరెన్స్ రోవర్ ఏడు నెలల లోపే వెళ్లింది. మనుషులైతే వెళ్లిన వెంటనే తిరిగి రావడం కష్టం, భూమి, అంగారకుడు మళ్లీ అనువైన చోట్లకి వచ్చేదాకా అక్కడే ఉండాలి. అన్నీ కలిపి రెండున్నర, మూడేళ్లు. గాలి పీడనం మనదాంట్లో ఒక శాతం కూడా ఉండదు, ఉన్న గాలిలో 95 శాతం కార్బన్ డయాక్సైడే. రోజు మాత్రం మనదానికంటే 40 నిమిషాలే ఎక్కువ. "ఆ నలభై నిమిషాలు నేను పడుకుంటా" అంది మా ఆవిడ, ఆ రోజుకి మొదటి మాట. మాట అక్కడికి చేరడానికి దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుందని చెప్తే, "మీ అన్నయ్యకి ఫోన్ చేసినా అంతే కదా" అంది.

మరుసటి ఆదివారం మావాడి బాధ చూడలేక నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా ప్లానెటేరియంకి తీసుకెళ్లాను. 1985లో ఎన్టీఆర్ ప్రారంభించింది. మెట్రోలో అసెంబ్లీ స్టేషన్‌లో దిగి ఆటో అడిగితే, కిలోమీటరు పైచిలుకు దూరానికి 120 అన్నాడు. 450 కోట్ల మంగళ్‌యాన్‌కి కిలోమీటరుకి ఏడు రూపాయలే పడిందని అప్పట్లో ప్రధాని చెప్పిన లెక్క ఆయనకి వినిపించాను. "అయితే దాన్నే పిలుచుకోండి సార్" అన్నాడు. నాన్న కోసం ఎక్కక తప్పలేదు. లోపల గోపురం కింద దీపాలు ఆరిపోయి చుక్కలు వచ్చేసరికి నాన్న ఒక్కొక్క నక్షత్రం పేరూ మావాడి చెవిలో చెప్తూనే ఉన్నారు. ముందు సీట్లో ఆవిడ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసినా ఆపలేదు. పక్కనున్న మ్యూజియంలో తెలంగాణలోనే దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ముందు మావాడు కదల్లేదు. టికెట్లు, ఆటో, బయట తిన్న మొక్కజొన్న కంకులు అన్నీ కలిపినా రిసార్ట్‌లో ఆ షోకి పెట్టిన దాంట్లో సగం కాలేదు. వెళ్లేముందు తెలుగు షో ఎన్నింటికో కనుక్కోండి. ఇంగ్లీష్ దానికి తీసుకెళ్తే పెద్దవాళ్లు చీకట్లో హాయిగా నిద్రపోతారు.