టక్కుమనే కిటికీ హ్యాండిల్: రెండున్నరేళ్ల వాడకం తరువాత

మా అమ్మకు సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టాక ఒక పని ఉంటుంది. దోమలు లోపలికి రాకముందే ఇంట్లోని ఆరు కిటికీలూ మూయాలి. శుక్లం తీయించినా ఎడమ కంటి చూపు అంతంతమాత్రమే కాబట్టి హ్యాండిల్ కిందికి వాలిందా, అడ్డంగానే ఆగిందా అని చూసి తెలుసుకోదు. తిప్పుతుంది, క్షణం ఆగి వింటుంది, టక్కుమంటే పక్క కిటికీకి వెళుతుంది. నేను హాల్లో కూర్చుని వార్తలు చూస్తూనే ఆ టక్కులు లెక్కపెడుతుంటాను. ఆరు వినిపిస్తే ఇల్లు మూసినట్టే లెక్క.

ఈ సమీక్ష రాయడానికి కారణం ఆ చప్పుడే. 2023 ఆగస్టులో బిగించిన ఈ హ్యాండిళ్లు రెండు ఎండాకాలాలు, మూడు వానాకాలాలు చూశాయి. తెల్ల రంగు, పోత పోసిన జింకు, లోపలి లాకును తిప్పే 7 మిల్లీమీటర్ల చదరపు కడ్డీ, 43 మిల్లీమీటర్ల ఎడంలో రెండు స్క్రూలు: యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలున్న ఇళ్లలో చాలావరకు ఇంతే ఉంటుంది కాబట్టి దాని గురించి రాసేదేమీ లేదు. తేడా అంతా పిడి మొదట్లో దాగిన స్ప్రింగులో ఉంది. పావు చుట్టు తిరిగేసరికి అది ఒక గుంటలో పడి గట్టిగా ఆగుతుంది. పాత వాటికి అది ఎప్పుడో అరిగిపోయి, హ్యాండిల్ తన బరువుకు తానే గడియారం ముల్లులా వేలాడేది. లాకు పడిందో లేదో తెలిసేది కాదు.

పాతది విరిగిన రాత్రి తేదీతో సహా గుర్తుంది. 2023 జులై 26. ఆ రాత్రి గడిచి తెల్లవారేసరికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైందని తరువాత విన్నాం. మా హనుమకొండలో అంత పడలేదు గానీ, నయీంనగర్ నాలా పొంగడానికి పడింది చాలు. రాత్రి ఒంటిగంటప్పుడు పడమటి గదిలో కిటికీ రెక్క దబదబ కొట్టుకుంటుంటే లేచాను. మా రెక్కలు బయటికి తెరుచుకుంటాయి, లోపలి వైపు ఇనుప గ్రిల్. గ్రిల్ సందులోంచి చెయ్యి పెట్టి రెక్కను లాక్కుని, హ్యాండిల్‌ను కిందికి తిప్పాలి. ఏడాదిగా ఆ కిటికీ మొండికేస్తోంది. అలవాటు ప్రకారం కాస్త బలం ఎక్కువ పెట్టాను. పుటుక్కుమంది.

పిడి నా చేతిలో ఉంది, మొదలు కిటికీకి ఉంది. టార్చి వేసి చూస్తే విరిగిన చోట ఇనుములో కనిపించే సాగుదల ఏమీ లేదు. పటిక బెల్లం విరిచినట్టు పలుకులు పలుకులుగా ఉంది, కాకపోతే బూడిద రంగు. జింకు పోత అంతే, వంగి హెచ్చరించే గుణం దానికి లేదు. రెక్క గాలికి మళ్లీ బార్లా తెరుచుకుంది. వాన నేరుగా మంచం మీదికి కొడుతోంది. మా ఆవిడ ఎక్కడినుంచో లంగా నాడా తెచ్చి ఇచ్చింది. దాన్ని ఆ మొండి ముక్కకు చుట్టి గ్రిల్‌కు కట్టబోతే, తడిసిన నాడా ఆ నున్నటి ముక్క మీద నిలవదే! మూడుసార్లు కట్టాను, మూడుసార్లూ జారింది. ఈ గొడవకు అమ్మ లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"గిన్నెకు చెవి ఊడితే దించడం మానేస్తామా నాన్నా? పట్టకారుతో పట్టుకోమూ?"

నిజమే. కటింగ్ ప్లేయర్ తెచ్చి ఆ ముక్కను పట్టి తిప్పాను. సగం తిరిగి ఆగిపోయింది. మా ఆవిడ రెండు చేతులూ గ్రిల్‌లోంచి దూర్చి రెక్కను కొంచెం పైకెత్తి లోపలికి లాగింది. అప్పుడు వెన్నలా తిరిగింది. ఎత్తితేనే ఎందుకు తిరిగిందన్న ప్రశ్న ఆ రాత్రి నాకు తట్టలేదు. పరుపు ఆరేయడం ఎట్లా అన్నదే అప్పటి దిగులు. ఆ వారంలోనే భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. ఊరు అలా ఉంటే హ్యాండిల్ కోసం ఎవరు తిరుగుతారు? పది రోజులు ఆ కిటికీ తెరవలేదు.

తరువాత విరిగిన పిడిని జేబులో వేసుకుని వరంగల్ స్టేషన్ రోడ్డుకు వెళ్లాను. కొట్టతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టాడు.

"పిడి తెచ్చారు సరే, మొదలు ఏది సార్? కడ్డీ పొడవు తెలియకుండా ఏమి ఇవ్వమంటారు?"

మళ్లీ ఇంటికి వెళ్లి రావడానికి బద్ధకించి, అన్నీ ఒకటే కదా అని 120 రూపాయలది ఒకటి తెచ్చాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన శుద్ధ తెలివితక్కువ పని అది. దాని కడ్డీ 10 మిల్లీమీటర్లు పొట్టి. కొస మాత్రమే లోపలి యంత్రానికి అందింది. రెండు రోజులు తిరిగింది, మూడో రోజు కడ్డీ అంచులు గుండ్రబడి హ్యాండిల్ ఉత్తినే చుట్టూ తిరగసాగింది. అప్పుడు బుద్ధిగా, ఇది బిగించేటప్పుడు విప్పి పక్కన పడేసిన పాత మొదలును వెతికి తీశాను. మొదలు విప్పడానికి పైరేకును పక్కకు తిప్పితే కింద రెండు స్క్రూలుంటాయి, అంతకు మించి విద్య ఏమీ అక్కర్లేదు. మొదలు అడుగు నుంచి కడ్డీ కొస దాకా స్కేలు పెట్టి కొలిచాను. 40 మిల్లీమీటర్లు. పొడవైనది దొరికితే హాక్సా బ్లేడుతో కోసుకోవచ్చు, పొట్టిదానికి మాత్రం మందు లేదు. ఇంకో సంగతి, పిడి ఎత్తు కూడా చూసుకోవాలి. మా పక్కింటివాళ్లు అందంగా ఉందని ఎత్తైన పిడి బిగించుకున్నారు, దానికి తగిలి దోమతెర రెక్క మూసుకోవడం మానేసింది.

రెండోసారి వెళ్లినప్పుడు కొట్టతను 280 రూపాయలది తీసి, నా ముందే చేత్తో పట్టుకుని తిప్పాడు. టక్. ఇంకో పావు చుట్టు. టక్. నేను బేరం కూడా ఆడకుండా ఆరు కొన్నాను. విరిగింది ఒక్కటే కదా అని మా ఆవిడ అంటుందని తెలుసు, అంది కూడా.

కొట్టతనే ఒక మిస్త్రీని పంపాడు. కుర్రవాడే గానీ, వస్తూనే హ్యాండిల్ పెట్టె కూడా విప్పకుండా కిటికీ పూర్తిగా తెరిచాడు.

"అన్నా, ముందు రెక్క గాలిలో ఉండగా తిప్పి చూడండి."

కొత్త హ్యాండిల్ ఒకటి తగిలించి తిప్పితే సులువుగా తిరిగింది. మూసి తిప్పితే బిగుసుకుంది. తెరిచినప్పుడు సులువుగా తిరిగి, మూసినప్పుడు బిగుస్తుందంటే హ్యాండిల్‌లోనూ లాకులోనూ లోపం లేనట్టు, రెక్క కిందికి వాలినట్టు. రెక్క అంచున ఉన్న గుండ్రటి తలలు చట్రంలోని గూళ్లకు సూటిగా ఎదురుపడక, గూటి అంచును కొడుతున్నాయి. ఆ రాపిడిని మనం చేతి బలంతో దాటిస్తూ పోతుంటే, దాని భారమంతా పిడి మెడ మీద పడుతుంది. మా ఆవిడ ఆ రాత్రి రెక్కను పైకెత్తితే ఎందుకు తిరిగిందో అప్పటికి వెలిగింది.

రెక్క ఎందుకు వాలిందని మిస్త్రీ అడిగాడు. సమాధానం వెనక పెరట్లో ప్రహరీ గోడ మీద కూర్చుని మావైపే చూస్తోంది. హనుమకొండలో ఉండేవాళ్లకు కోతుల గురించి చెప్పనక్కర్లేదు. తెరిచి ఉన్న పడమటి కిటికీ రెక్క వాటికి ఉయ్యాల. తల్లి కోతి దాని మీదినుంచి మేడ మీదికి వెళుతుంది, పిల్లలు మాత్రం ఊగడానికే వస్తాయి. అద్దంతో కలిపి ఉన్న బరువుకు ఇది తోడైతే ఏ కిటికీ అయినా వాలుతుంది.

అతను అద్దం చుట్టూ ఉన్న బీడింగు ఊడదీసి, ఒక మూల కిందా, దానికి ఎదురు మూల పైనా సన్నటి ప్లాస్టిక్ బద్దలు దూర్చాడు. అద్దం ఐమూలగా బిగుసుకుని రెక్కను పైకి ఎత్తి పట్టింది. మూడు మిల్లీమీటర్లు లేచి ఉంటుందేమో, అంతే. మా ఆరేళ్ల మేనకోడలు ఒక్క వేలితో తిప్పింది.

మిగతా కిటికీల్లో రెండింటి జబ్బు వేరు. అవి తెరిచినప్పుడు కూడా బిగువుగానే తిరిగాయి. రెక్క అంచున లాకు బద్ద దగ్గర నల్లగా, జిడ్డుగా ఏదో పేరుకుని ఉంది. "ఏమి పోశారన్నా ఇందులో?" అని అడిగాడు. దసరా ముందు ఇల్లు దులిపినప్పుడల్లా అమ్మ మాట మీద నేను పోసిన కొబ్బరి నూనె అది. దుమ్ము పట్టి ముద్దైంది. చలికాలంలో పేరుకుంటుంది కూడానని సీసా రోజూ చూస్తూ నాకు తట్టలేదు. తుడిచి, కుట్టు మిషను నూనె నాలుగు చుక్కలు వేశాడు.

కాబట్టి ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. కొత్త హ్యాండిళ్లు ఎంత హాయిగా తిరుగుతున్నాయో అని మొదటి నెల అందరికీ చెప్పుకున్నాను. ఆ హాయిలో సగానికి పైగా ఆ ప్లాస్టిక్ బద్దలదీ, నూనె చుక్కలదీ. 120 రూపాయల హ్యాండిలే సరైన కడ్డీతో దొరికి ఉంటే, అది కూడా బాగానే తిరిగేదేమో.

టక్కుమనే చప్పుడు మాత్రం పూర్తిగా దీనిదే. దాని గురించి కూడా పొగడ్త కొంత వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. నిరుడు వేసవిలో ఒక సాయంత్రం ఎప్పటిలాగే ఆరు టక్కులు విన్నాను, నిశ్చింతగా పడుకున్నాను. పొద్దున వంటింట్లో గట్టు మీది అరటిపళ్ల హస్తం లేదు. కిటికీ రెక్క జానెడు తెరిచి ఉంది. కోతి గ్రిల్ సందులోంచి చెయ్యి పెట్టి ఒక్కొక్కటే లాక్కుని, తొక్కలు మాకే వదిలి పోయింది. ఆ చప్పుడు వచ్చేది హ్యాండిల్ మొదట్లోని స్ప్రింగు నుంచి. గుండ్రటి తలలు గూట్లో పడ్డాయా, బయటే తిరిగాయా అన్నది దానికేమి తెలుసు? ఆ రోజు అమ్మ రెక్కను పూర్తిగా లాక్కోకుండా తిప్పింది. హ్యాండిల్ తన ధర్మం ప్రకారం టక్కుమంది. అప్పటినుంచి అమ్మ పద్ధతి మార్చుకుంది. టక్ విన్నాక గ్రిల్‌లోంచి అరచేత్తో రెక్కను ఒకసారి తోసి చూస్తుంది. నేను హాల్లోంచి ఇప్పుడు రెండు చప్పుళ్లు లెక్కపెడుతున్నాను.

పడమటి కిటికీది ఇప్పుడు టక్ అనదు, టప్ అంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఆ పిడి మీద చెయ్యి నిలవదు. ఎండకు కిటికీ చట్రం కూడా సాగుతుంది. 30 డిగ్రీల వేడి పెరిగితే యూపీవీసీ మీటరుకు దాదాపు రెండు మిల్లీమీటర్లు సాగుతుందంటే, మూడు మిల్లీమీటర్లకే ఇంత కథ జరిగిన ఇంట్లో అది చిన్న సంగతేమీ కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఆ కిటికీని పొద్దున పదింటికి ముందే మూసేస్తాం, సాయంత్రం దాకా ముట్టుకోం. అంత జాగ్రత్త పడినా స్ప్రింగు మెత్తబడింది. మిగతా ఐదూ కొత్తవాటిలాగే ఉన్నాయి.

2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వాన వరంగల్‌ను ముంచిన రాత్రి అందరం మేలుకునే ఉన్నాం. నేను కటింగ్ ప్లేయర్ ముందే తీసి మంచం పక్కన పెట్టుకున్నాను. అవసరం పడలేదు. పడమటి రెక్క రాత్రంతా చలించలేదు. గదిలోకి నీళ్లు రాలేదని మాత్రం అనను. చట్రం అడుగున నీళ్లు బయటికి పోవడానికి ఉండే చిన్న రంధ్రాలు దుమ్ముతో పూడిపోయి, నీళ్లు లోపలి వైపుకు పొర్లాయి. అది హ్యాండిల్ తప్పు కాదు, పుల్లతో వాటిని పొడవని నా తప్పు.

ఎవరైనా కొనమంటారా అని అడిగితే, మా ఇంట్లో లాగా చీకట్లో చెవితో కిటికీలు మూసే పెద్దవాళ్లుంటే కొనమంటాను. గ్రిల్ లేని కింది అంతస్తు అయితే నేనే అయినా తాళం చెవి ఉన్న రకం చూసుకునేవాణ్ణి. కిటికీ అప్పటికే బిగుసుకుని ఉంటే 280 రూపాయలు పెట్టే ముందు రెక్క తెరిచి ఒకసారి గాలిలో తిప్పి చూడండి. మా ఊళ్లో ఆ మిస్త్రీ లాంటివాడు దొరకడం నా అదృష్టం, ప్రతిచోటా దొరుకుతాడని చెప్పలేను.

పడమటి కిటికీ కోసం ఏడో హ్యాండిల్ కొని పెట్టాను. మొదలు మీద తెల్ల టేపు అంటించి 40 అని రాశాను. సొరుగులో కుట్టు మిషను నూనె పక్కన ఉంది. టప్ అనేది కూడా ఆగిపోయాక బిగిద్దామని చూస్తున్నాను. ఇంకా వినిపిస్తూనే ఉందని అమ్మ అంటోంది.