పిల్లలకోడి ఫొటోకి 7,940 రూపాయలు

డబ్బు పోయిన సంగతి ముందే చెప్పేస్తాను. నెల్లూరు జిల్లా తీరంలో ఒక రిసార్టు. పేరు రాయను, రాస్తే మా ఆయనకు ఫోన్లొస్తాయి. వాళ్ల ప్రకటనలో 'స్టార్ గేజింగ్ డెక్' అన్న మాట చూసి నమ్మాను. గదికి 4,800, మా అత్తగారి కోసం ఎక్స్‌ట్రా బెడ్ 1,200.

నాకు కావలసింది ఒకే ఒక్క ఫొటో: సముద్రం మీద కృత్తికలు, ఆ చిన్న చుక్కల గుంపు. నవంబరు మూడో వారంలో పొద్దుగుంకే వేళకే అవి తూర్పున, కాస్త ఉత్తరానికి జరిగి లేస్తాయి. ఏడింటికి చెయ్యి చాపి చూస్తే నీళ్ల మీద జానెడు ఎత్తులో ఉంటాయి. ఆలస్యం చేస్తే ఫొటోలో సముద్రం పట్టదు, అర్ధరాత్రికి దాదాపు నడినెత్తికి వచ్చేస్తాయి. రోజు కూడా చూసుకునే పెట్టుకున్నాను. కార్తీకం అనగానే అందరూ పౌర్ణమికి బయల్దేరతారు. ఆ రాత్రి చంద్రుడు కృత్తికల దగ్గరే ఉంటాడు, నెలకు ఆ పేరొచ్చిందే అందుకు. ఆ వెలుగులో చుక్కలు వెతుక్కోవడం దండగ. నేను అమావాస్య ముందురోజు ఎంచుకున్నాను.

తీరా వెళ్తే డెక్కు అంటే చెక్కల అరుగు. దానికి నాలుగు మూలలా నాలుగు ఫ్లడ్ లైట్లు. కొబ్బరిచెట్లకు సీరియల్ బల్బులు, అవతల డీజే. వెనక రొయ్యల గుంటల లైట్లు ఎటూ ఉన్నాయి, వాటి మీద నాకు కోపం లేదు, అది వాళ్ల బతుకుతెరువు. డెక్కు మీద లైట్లు ఆపమని మేనేజరుని అడిగాను.

"ఆపితే సీసీ కెమెరాలకి కనపడదు మేడమ్."

"చుక్కలు చూసే చోట చీకటి ఉండొద్దా?"

"టెలిస్కోప్ ఉంది కదా మేడమ్, మనిషికి 200."

ముగ్గురికీ 600 కట్టించుకుని ఒక కుర్రాడు అందులోంచి గురుగ్రహం చూపించాడు. మా అత్తగారు కన్ను పెట్టి చాలాసేపు చూశారు. "ఏం అబ్బయ్యా, మీ గురుడు ఊగతా ఉండాడే?" అన్నారు. పడవ మీద లైటు. కృత్తికలు చూపించమంటే, తిప్పీ తిప్పీ ఒక్క చుక్క పట్టుకున్నాడు. అది వాడి తప్పు కాదు. ఆ గుంపు చంద్రబింబానికి మూడు నాలుగు రెట్ల వెడల్పు, ఎక్కువగా పెద్దది చేసి చూపే కంటిముక్కలో పట్టదు. దానికి మామూలు బైనాక్యులర్సే మేలు.

చివరికి 500 తీసుకుని పది నిమిషాలు మా వైపు లైట్లు ఆపారు. బిల్లులో దాన్ని 'మెయింటెనెన్స్' అని రాశారు. ఆ పది నిమిషాల్లో ఫోకస్ కుదిరేసరికి లెన్సు మీద ఉప్పుతేమ పట్టింది. తుడిచి నొక్కేసరికి లైట్లు వచ్చేశాయి. మిగిలిందల్లా నారింజ రంగు ఆకాశం. రాత్రి భోజనం 840తో కలిపి మొత్తం 7,940. కార్తీకం కాబట్టి చేపల పులుసు కూడా లేదు. సముద్రం ఒడ్డున కూర్చుని పప్పుచారు తినాల్సి వచ్చిందే అన్న బాధ మా ఆయనకు నా ఫొటో కన్నా ఎక్కువ.

మర్నాడు ముంబై హైవే మీద ఆత్మకూరు, అక్కడినుంచి అనంతసాగరం మండలంలో మా అత్తగారి పుట్టినూరు. దారి బాగుంది. నాకు వెళ్లాలని లేదు. అమావాస్య వెళ్లిన తెల్లవారుజామున పోలి పాడ్యమి, పుట్టింటి చెరువులోనే దీపాలు వదలాలని ఆవిడ పట్టు. రిసార్టు నా సరదా, చెరువు ఆవిడది, అలా ఒప్పందం కుదిరింది.

నాలుగింటికి లేపారు. కట్ట మీద వీధిలైటు ఒకటే, అదీ ఎప్పుడో పోయింది. కట్ట ఎక్కి పడమటికి చూశాను. నల్లటి వెలిగొండల మీద, నీళ్లకు జానెడు పైన, చిటికెడు ముగ్గు చల్లినట్టు కృత్తికలు. సాయంత్రం తూర్పున ఎక్కినవి తెల్లారగట్ల పడమట దిగుతున్నాయి. ఇంత చిన్న విషయం లెక్క వేసుకోకుండా సముద్రానికి పరుగెత్తాను.

"ఏంది పిల్లా, ఈ పిల్లలకోడి కోసమా అంత డబ్బు పోసింది?" అన్నారు అత్తగారు. వాళ్లకు అది పిల్లల్ని వేసుకుని తిరిగే కోడి. ఆ వెలుగు మన దాకా రావడానికి దాదాపు 440 ఏళ్లు పడుతుంది. చెరువు రాయల కాలం నాటిదని ఊళ్లో అంటారు. అదే నిజమైతే, ఆ వెలుగు అక్కడ బయల్దేరేనాటికే ఇక్కడ నీళ్లున్నాయి.

నాది క్రాప్ సెన్సర్, అంటే కాస్త చిన్న సెన్సరున్న కెమెరా. 35 ఎంఎం లెన్సు, ఎఫ్ 1.8, ఐఎస్‌వో 3200, షట్టర్ తెరిచి ఉంచేది 8 సెకన్లు. అంతకు మించితే భూమి తిరుగుడుకు చుక్కలు సాగిపోతాయి. ఫోకస్ కృత్తికల మీద పెట్టకండి, వాటికి పైన ఎర్రగా ఉండే రోహిణిని స్క్రీన్ మీద పదింతలు చేసుకుని పెట్టండి. ఇంకో మాట. అక్కడ ఆడవాళ్లు స్నానాలు చేస్తుంటారు. అవి పూర్తయ్యేదాకా కెమెరా సంచిలోనే ఉండాలి, ఆ తర్వాత కూడా అడిగే తీయాలి.

అరటిదొప్పల్లో నెయ్యి వత్తులు వెలిగించి, చేత్తో మూడుసార్లు నీళ్లు తోసి వదిలారు. పోలి కథ మా అత్తగారే చెప్పారు. చిన్నకోడలు పోలి విమానమెక్కి స్వర్గానికి పోతుంటే అత్త కాలు పట్టుకుని వేలాడుతుంది కదా, అక్కడికి రాగానే నా వైపు చూసి, "నేను పట్టుకోనులేమ్మా, నువ్వు పో" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనప్పుడు షట్టర్ మీద వేలు పెట్టుకుని ఊపిరి బిగబట్టి ఉన్నాను.

ఐదు దాటేసరికి ఆకాశం తెల్లబడడం మొదలైంది. దొరికినవి పదకొండు ఫొటోలు, ఖర్చు సున్నా. తిరుగుదారిలో ఆత్మకూరులో బండి దగ్గర ఎర్రకారం నెయ్యి దోసెలు, ఒక్కోటి 50. మా ఆయన మూడు తిన్నారు, అప్పటికి ఆయన మొహం తేటపడింది.

అత్తగారు మాత్రం ఫొటో పెద్దది చేసి చూసి ఊరుకోలేదు. 8 సెకన్లలో చుక్కలు నిలబడ్డాయి గానీ దొప్పలు నీళ్ల మీద కదిలి, దీపాలన్నీ బంగారు గీతలయ్యాయి. "ఇందులో నా దీపం యాడుందీ?" చూపించలేకపోయాను. రెండు సెకన్లకు తీసిన ఫొటో ఒకటుంది. అందులో చుక్కలు సరిగ్గా లేవు, దీపం మాత్రం దీపంలాగే ఉంది. ఆవిడ గదిలో గోడకు అదే పెట్టించుకున్నారు. ప్రింటుకు 120.